అందరూ అడిగి తీసుకెళ్లే పడవ

ఈ సంగతి ఇప్పుడు కాగితం మీద పెట్టకపోతే, వచ్చే పంటకల్లా మా అక్కావాళ్ల చెరువు నిలబడడానికి కారణం ఏదో నీలం రంగు మందని ఖాయమైపోతుంది. చేపల రైతుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే అలా చెప్పుకుంటున్నారు. ఒకాయనైతే తాడేపల్లిగూడెం నుంచి ఎవరో సైంటిస్టుగారు కారులో వచ్చి నీళ్లు పరీక్ష చేసి వెళ్లారని, ఆ కారు తాను కళ్లారా చూశానని రాశాడు. ఏ సైంటిస్టూ రాలేదు. వచ్చింది నేను. అదీ కారులో కాదు, ఏలూరు నుంచి షేర్ ఆటోలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని. మందుకి పేరొచ్చిందని నాకు అసూయ లేదు. కానీ గణితానికి దక్కాల్సిన మాట దక్కకపోతే, ఈసారి చేపలకి పేను పడినప్పుడు మళ్లీ అందరూ కూర్చుని సగటు లెక్కలే వేస్తారు. అవి వినే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో నాది జిరాక్స్, బైండింగ్ షాపు. కాలేజీ పిల్లలు నన్ను మేడమ్ అంటారు గానీ నేను చదివింది ఇంటర్ వరకే. ఆ తర్వాత చదువంతా గ్రంథాలయాల్లో సాగింది. ఈ మాట కొందరు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. నేను పెంచి చెప్పుకుంటాను. బైండింగుకి వచ్చిన ప్రతి కాగితాన్నీ పేజీ నంబర్లు సరిచూసే వంకతో చదవడం నా అలవాటు. అలా ఒక ఇంజనీరింగు అమ్మాయి తెచ్చిన నోట్సులో ఒక గ్రాఫు చూశాను. గీత ఎడమవైపు నిట్టనిలువునా పడిపోయి, కుడివైపు నేలకి ఆనీఆనకుండా కాగితం అంచుదాకా సాగిపోయింది.

"ఈ తోకేంటమ్మా, తెగకుండా పోతోంది?" అని అడిగాను.

"అది సిలబస్‌లో లేదు మేడమ్" అంది.

సిలబస్‌లో లేదట! నాకు ఆ వారమంతా చిరాకు. ఆదివారం రైలెక్కి ఏలూరు వెళ్లి, జిల్లా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గారి ప్రాణం తీసి, నెట్‌వర్కుల గణితం మీద ఉన్న ఒకే ఒక్క లావాటి ఇంగ్లిషు పుస్తకాన్ని బయటికి తీయించాను. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. సూత్రాలు అన్నీ ఎక్కలేదు. ఎక్కినంతవరకు చెబుతాను.

మనుషుల ఎత్తుకి సగటు ఉంటుంది. అందరూ దానికి కాస్త అటూ ఇటూగా సర్దుకుంటారు. ఎంత పొడుగాటివాడైనా తాటిచెట్టంత ఉండడు. కానీ ఎవరికి ఎంతమందితో రాకపోకలున్నాయి అని లెక్కేస్తే కొన్నిచోట్ల ఈ క్రమం కుదరదు. చాలామందికి ఒకటి రెండు లంకెలే ఉంటాయి. కొద్దిమందికి పదులు. ఎక్కడో ఒకరికి వందలు. లంకెల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, అన్నేసి లంకెలున్నవాళ్ల సంఖ్య ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. రెండు నుంచి నాలుగుకి వెళ్లినా, రెండొందల నుంచి నాలుగొందలకి వెళ్లినా తగ్గుదల అదే. దగ్గర్నించి చూసినా దూరం నుంచి చూసినా బొమ్మ మారదు. "మామూలుగా ఇంత" అని వేలు పెట్టి చూపించడానికి అక్కడ ఏ కొలతా నిలవదు. సగటు తీయొచ్చు. తీసిన సగటు అక్కడున్న ఎవరినీ పోలి ఉండదు. పైగా నెట్‌వర్కు పెద్దదయ్యేకొద్దీ ఆ సగటుకీ అసలు మనుషులకీ మధ్య ఎడం పెరుగుతూనే పోతుంది, ఒకచోట ఆగదు. ఆ అమ్మాయి నోట్సులో తోక అదే.

ప్రతి గుంపుకీ ఈ తోక తగిలించెయ్యకూడదని, గట్టిగా పరీక్షిస్తే కొన్ని నిలవవని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నేను ఆ పేజీ దాటేసే రకాన్ని కాదు.

ఇదంతా చదువుకుని నాలో నేను సంతోషించి ఊరుకునేదాన్నే. ఇంతలో అక్క ఫోన్ చేసింది.

మా అక్కా బావా కొల్లేరు పక్కన ఒక చెరువు లీజుకి తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు పెంచుతారు. కిందటి పంటకి చేపకి పేను పట్టింది. తలలో పేను లాంటిది కాదు, నీళ్లలో ఉండి చేప ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగు. అది పడితే చేప మేత మానేస్తుంది. వెదురు గెడలకి ఒళ్లు రాసుకుంటుంది, ఉండబట్టలేక నీళ్ల మీదికి ఎగురుతుంది. తూకానికి వచ్చేసరికి తలకాయ తప్ప ఏమీ ఉండదు.

"పై చెరువుల్లో మళ్లీ పేను పడిందే" అంది అక్క. "ఈసారి కూడా మనదాకా వస్తే ఇంక మా వల్ల కాదు. చెరువు వదిలేసి ఏలూరులో ఏదో పోర్షను చూసుకుంటాం. మీ బావ ఎవరి చేపల ప్యాకింగు షెడ్డులోనో ఐసు కొడతారు."

"బావగారు ఒప్పుకున్నారా?"

"ఆయన దేనికి ఒప్పుకోలేదు గనక? అదేగా నా బాధ."

అక్క ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని. మామూలు గొంతుతో చెప్పింది కాబట్టి షాపు మూసి బయల్దేరాను.

నేను వెళ్లేసరికి చెరువు గట్టు మీద పాకలో రైతుల మీటింగు జరుగుతోంది. సంఘం పెద్దాయన చాలా మంచి మనిషి. ఆయన గొంతు వింటే తిట్టినా దీవించినట్టుంటుంది. "సగటున ఒక్కో చెరువుకి బయటినుంచి ముగ్గురు వచ్చిపోతున్నారండి. పేను వాళ్ల వస్తువులతోనే వస్తుంది కదండీ. తలా ఒకరిని ఆపేసుకుంటే మూడోవంతు పేను ఆగిపోయినట్టేనండి" అన్నారు. అందరూ తలలూపారు.

నేను ఆగలేకపోయాను. "ఏవండీ, అలా ఆగదండి. ఎవరో ఒకరిని ఆపితే ఏమీ కాదు. అందరితో రాకపోకలున్నవాళ్లు ఎవరో ఒకరుంటారు. వాళ్లొక్కరు ఉన్నంతకాలం, ఎంత మెల్లగా అంటుకునేదైనా అక్కడ బతికిపోయి మళ్లీ అందరికీ వస్తుంది. బస్సుల సంగతే చూడండి. పల్లెల్లో నాలుగు స్టాపులు ఎత్తేసినా జనం ఎలాగోలా తిరుగుతారు. అదే ఏలూరు బస్టాండు మూసేశారనుకోండి..."

"బస్టాండు మూసేస్తున్నారాండీ?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"మూయరండి. మాటవరసకి."

"సమ్మేమోనండి" అన్నాడు ఇంకొకాయన. "మా అమ్మాయి గురువారం రావాలి."

"గురువారానికి ఏమీ కాదండి! నేను చెప్పేది పేను గురించి!"

"చాలా బాగా చెప్పారండి" అన్నారు పెద్దాయన. తర్వాత మా బావవైపు తిరిగి, "మీ మరదలుగారు బాగా చదువుకున్నారండి" అని మెచ్చుకున్నారు. టీలు వచ్చాయి. తలా ఒకరిని ఆపేసుకోవాలని తీర్మానమైంది. కాదని ఎదిరించినవాడితో వాదించొచ్చు. బాగా చెప్పారండి అనేవాడితో ఏం వాదిస్తాం?

పోనీ, ఎవరిని ఆపారో చూడండి. ఒకాయన తనతో అప్పటికే మాటల్లేని తమ్ముణ్ని రావద్దన్నాడు. ఇంకొకాయన ఇన్సూరెన్సు ఏజెంటుని ఆపాడు. ఎవరికి వాళ్లు తమకి ఇబ్బంది లేని లంకెని తెంచుకుని, బాధ్యత తీరిందని చేతులు కడుక్కున్నారు. అలాంటి నెట్‌వర్కులో గుడ్డిగా ఎన్ని లంకెలు తెంచినా మొత్తం చెక్కుచెదరదని పుస్తకంలో చదివినప్పుడు అబ్బురపడ్డాను. కళ్లెదుట చూసేసరికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ అందరితో లంకె ఉన్నది ఎవరో నేనే కనుక్కోవాలని నిశ్చయించుకున్నాను. నా అనుమానం అటు చివర వరసగా చెరువులున్న పెద్ద ఆసామి మీద. వెళ్లి కలిస్తే తేలిందేమిటంటే, ఆయన వస్తువులన్నీ ఆయన సొంతం. ఎవరికీ ఇవ్వడు, ఎవరిదీ తెచ్చుకోడు. చెరువు పెద్దదైనంత మాత్రాన లంకెలు పెద్దవి కావు. ఇది పుస్తకంలో స్పష్టంగానే ఉంది, నేనే హడావుడి పడ్డాను.

తర్వాత గట్ల వెంబడి తిరిగి ఒక్కొక్కరినీ అడిగాను.

"మీకు పేను ఎక్కణ్నించి వచ్చిందనుకుంటున్నారండీ?"

"ఎక్కణ్నించో వచ్చిందిలెండి. నీళ్లన్నాక వస్తాయి."

"ఎవరి వస్తువైనా తెచ్చారాండీ?"

"అబ్బే, ఒకరి పేరు చెప్పడం ఎందుకులెండి. ఎండన పడి వచ్చారు. టీ తాగుతారా?"

ప్రతి గట్టు మీదా ఇదే. మా వైపు మర్యాద అలాంటిది. చెరువు మునిగినా సరే, నిష్ఠూరం వచ్చేచోట ఒకరి పేరు నోట్లోంచి రాదు. ఆ రోజు తాగిన టీలకి నా కడుపే చెరువైంది.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఈ గణితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. గుంపులోంచి ఎవరినో ఒకరిని కళ్లు మూసుకుని పట్టుకుంటే దొరికేది మామూలువాడే. కానీ అతన్ని "నీకు తెలిసినవాళ్లలో ఒకరి పేరు చెప్పు" అంటే, ఆ చెప్పిన మనిషికి మామూలుకన్నా ఎక్కువ లంకెలుండే అవకాశం ఉంది. ఎందుకంటే ఎక్కువమందికి తెలిసినవాడే ఎక్కువమంది నోట్లో ఉంటాడు. ఎవరి లెక్కలూ తీయక్కర్లేదు, అడిగితే చాలు. అయితే మావాళ్లు నింద మోసే పేరు చెప్పరు, మెచ్చుకునే పేరైతే అడక్కుండానే చెబుతారు.

"కొత్తగా చెరువు తీసుకున్నవాళ్లకి, మందు కొట్టుకోడానికి ఎవరి పడవ అడగమంటారండీ?"

మొహం విప్పారింది. "ఇంకెవరిదండీ, మీ బావగారిదే! ఫైబరు పడవండి, ఇద్దరం ఎత్తి ఆటోలో పెట్టేస్తాం. ఎప్పుడడిగినా ఆయన కాదనే మాటే ఎరగరండి. దేవుడండి ఆయన."

పక్క గట్టుమీదాయన కూడా మా బావనే దేవుడన్నాడు. అవతలాయనా అంతే. నాలుగో చోట నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు వచ్చేసింది.

ఆ వరసలో తేలికపాటి ఫైబరు పడవ కొన్నది మొదట మా బావే. మిగతావాళ్లవి మేత వేసుకునే పాత చెక్క పడవలు, మందు కొట్టడానికి పనికిరావు. కొత్తగా వచ్చినవాళ్లు పడవ ఎవరిదగ్గరుందని అడిగితే, అప్పటికే తెచ్చుకున్నవాళ్లు ఆయన్ని చూపించారు. వాళ్లు మరికొందరికి చూపించారు. లంకెలెక్కువ ఉన్నచోటికే కొత్త లంకెలు వచ్చి చేరతాయని పుస్తకం అనేది ఇదే. పేను గుడ్లు గట్టి వస్తువుకి అంటుకుంటాయి. అంటే పేను పడిన చెరువులో మందు కొట్టడానికి వెళ్లిన పడవే అడుగున గుడ్లు అంటించుకుని, పేను పడని చెరువులో ముందుజాగ్రత్త మందు కొట్టడానికి బయల్దేరుతోంది. పైగా అడిగి తెచ్చుకున్న పడవని గట్టు మీద పడేసి పోవడం మావైపు మర్యాద కాదు. తెచ్చినవాళ్లు నీళ్లలో దించి, గెడకి తాడు కట్టి మరీ వెళ్లాలి. ఆ నీళ్లు ఎవరివి? మా అక్కవి.

నేను తిరిగొచ్చేసరికి బావ గట్టు మీద, చేపల మేతకి నీళ్లలో వేలాడదీసే తవుడు సంచులకి చిల్లులు పెడుతున్నారు.

"ఏం మరదలా, ఎంక్వైరీ అయిందా? దొంగ దొరికాడా?"

"దొరికారండి. మీరే."

ఆయనకి దగ్గొచ్చేదాకా నవ్వొచ్చింది. "విన్నావా? మీ చెల్లెలు నన్ను పేనుని చేసింది."

"తలలో పేనైతే దువ్వెనతో తీసి పారేసేదాన్ని" అంది అక్క నవ్వకుండా. "ఏమందో విన్నారా ముందు?"

నేను మొత్తం చెప్పాను. నోట్సులో తోక దగ్గర్నించి చెప్పాను. బావ ఓపిగ్గానే విన్నారు.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"కొన్నాళ్లు పడవ ఇవ్వకండి బావగారూ."

"ఎలా కుదురుతుంది? పొద్దున్నే వచ్చి, 'ఏవండీ, మా చేపలు ఎగురుతున్నాయండీ' అంటాడు. పడవ కళ్లెదురుగా కట్టుంటే లేదని చెప్పనా? అలాంటి లెక్కేదన్నా ఉంటే చెప్పు, వింటాను."

"ఆ చేపల్ని ఎగిరిస్తున్నదే మీ పడవ!"

"అది నీ పుస్తకంలో. ఇక్కడ మనుషులున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పడవని గట్టుకి లాగించి బోర్లా వేయించాను. అడుగంతా పాకుడు. ఆయన చెయ్యి పట్టుకుని అంచు కింద రాయించాను.

"నాచు" అన్నారు.

"నాచు జారుతుంది బావగారూ. ఇది గీరుకుంటోంది చూడండి."

ఆయన గోటితో గీరి, వెలుగులో పెట్టి చూశారు. వరసలు వరసలుగా, ఇసుక రేణువులు అతికించినట్టు గుడ్లు. అరచేత్తో ఇంకోచోట రాశారు, ఇంకోచోట రాశారు.

"చెరువు కావాలా, దేవుడనే పేరు కావాలా?" అంది అక్క. "రెండూ రావు. మీరు ఐసు కొట్టడానికి పోయిననాడు ఈ పడవ అడగడానికి ఎవరూ ఏలూరు రారు."

బావ కత్తి తెచ్చుకుని, సాయంత్రందాకా ఆ అడుగు గీరుతూ కూర్చున్నారు.

ఎండబెడితే గుడ్లు చస్తాయి. కొన్నాళ్లు గట్టి ఎండలో బోర్లా ఉంచి, పూర్తిగా ఆరాక ఇవ్వొచ్చు, తెచ్చినవాళ్లు మళ్లీ బోర్లించి వెళ్లాలి. ఇంత చిన్న ఏర్పాటు. కానీ మొదటి రోజే, పక్క చెరువాయన అటుగా పోతూ, పడవ ఒడ్డున ఉండిపోయింది పాపం అనుకుని, తిప్పి నీళ్లలో దించి, తాడు కట్టి వెళ్లిపోయాడు. సాయం చేశాడు! అక్క గట్టు చివరిదాకా పరిగెత్తింది గానీ ఆయన సైకిలెక్కేశాడు. మళ్లీ లాగి బోర్లించాం. మర్నాడు పడవ కోసం వచ్చినాయన్ని చూసి బావ తలగోక్కున్నారు. "ఆరుతోందండీ... మరీ అవసరమైతే..." అంటున్నారు. నేను లోపల పళ్లు నూరుకుంటున్నాను.

అక్క లోపలికి వెళ్లి పిండి ఉడికించింది. కడిగి గీరిన పడవ వీపు మీద పాత నేతచీర పరిచి, దానిమీద వరసగా వడియాలు పెట్టేసింది.

అంతే. ఆ తర్వాత ఆ పడవని ఎవరూ ముట్టుకోలేదు. మావైపు మగవాళ్లు పడవైనా అడుగుతారు గానీ, ఆడవాళ్లు ఎండలో పెట్టిన వడియాలు తియ్యమని అడగరు. వచ్చినాయన వచ్చినట్టే, "వడియాలా అండీ? ఎండనివ్వండి ఎండనివ్వండి" అని గట్టు మీదే చతికిలబడేవాడు. వడియాలు గలగలమనే వేళకి పడవా ఆరిపోయేది. పడవ వెళ్లి తిరిగొచ్చిన ప్రతిసారీ అక్క కొత్త వాయి పెట్టేది. పుస్తకంలో నెలలపాటు నేను చదివినదాన్ని బియ్యప్పిండి అమలు చేసింది. నాకు సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియలేదు. ఉడుక్కున్నాను.

ఇంకో తలనొప్పి మొదలైంది. మావైపు బోర్లించిన పడవంటే ఆ చెరువుకి ఆ ఏటికి పని అయిపోయిందని అర్థం. మా బావ చెరువు వదిలేస్తున్నారని పుకారు లేచింది. పరామర్శకి వరసగా మనుషులు వచ్చారు. "అయ్యో, ఇలా అయిందేంటండీ" అంటూ కూర్చున్నారు. ఒకాయన పరామర్శ సగంలో ఆపి, లీజు మార్చుకోడానికి ఎవరిని కలవాలండీ అని అడిగాడు. అప్పుడు చూడాలి బావని! జీవితంలో మొదటిసారి ఆయన గొంతు లేచింది.

"ఎవరండీ వదిలేస్తున్నది? రండి, ఇలా రండి. మీ పడవేదండీ? పదండి చూద్దాం." ఆయన్ని ఆయన చెరువుకే తీసుకెళ్లి, ఆయన పడవే తిరగేయించి, ఆయన చెయ్యే అడుగున రాయించారు. తర్వాత వచ్చిన ప్రతివాళ్లకీ అదే జరిగింది. పెద్దాయన సైతం తప్పించుకోలేదు. నేను మీటింగులో మొత్తుకుంటే ఒక్క చెరువు దాటని మాట, బావ నోట్లోంచి ఊరంతా పాకింది. పేను ఏ దారిన పాకిందో అదే దారి. లంకెలు ఎవరి దగ్గరున్నాయో రోగమూ అక్కణ్నించే, కబురూ అక్కణ్నించే. కొద్దిరోజుల్లో షేర్ ఆటోలోంచి చూస్తే గట్ల మీద ఎక్కడ చూసినా పడవల వీపులే, కొన్నిటి మీద చీరలు, చీరల మీద వడియాలు.

అక్కావాళ్ల చెరువులోకి పేను రానేలేదని చెప్పను. అక్కడక్కడా కనిపించింది, మందు కూడా ఒకసారి కొట్టారు. ఆ నీలం మందు అదే. కానీ కిందటిసారిలా తిరగబెట్టలేదు. చేపలు పట్టే పట్టుబడి రోజున శీలావతులు ట్రేలలో పడుతుంటే అక్క ఒకదాన్ని రెండు చేతులా ఎత్తి, తిప్పి చూసింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. లీజు కొనసాగించారు. ఏలూరులో పోర్షను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒక చెరువూ ఒక పంటా చూసి నిరూపణ అనకూడదని నాకు తెలుసు. అంతమాత్రాన మందుకి దండ వేస్తే చూస్తూ ఊరుకోను.

ఇక సాయం చేసినవాళ్లు. నిచ్చెనెక్కి పై అర నుంచి ఆ పుస్తకం దించి, నేను గడువు దాటించినా ఒక్క మాట అనని లైబ్రేరియన్‌గారికి కృతజ్ఞతలు. సిలబస్‌లో లేదన్న అమ్మాయికి కూడా, ఆ అమ్మాయి చెప్పేసి ఉంటే నేను ఏలూరు వెళ్లేదాన్ని కాదు. నా అనవసర అనుమానాన్ని మజ్జిగిచ్చి పంపిన పెద్ద ఆసామికి, బస్టాండు మూయరని ఇంకా పూర్తిగా నమ్మని సంఘం సభ్యులకి, నాకు టీ పోసిన ప్రతి గట్టుకీ. చెప్పకుండానే పడవ బోర్లించి వెళ్లిన ఇద్దరికి ప్రత్యేకంగా. మా బావగారికి, ఆయన ఇది చదివి "బాగా రాశావు మరదలా" అంటారని తెలిసినా సరే. అందరికన్నా ఎక్కువగా మా అక్కకి. నిన్న కొత్త చేపపిల్లల్ని చెరువులో వదిలింది.